రెండో బ్రేకు

లోకనాథం దగ్గర పదకొండు అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని ఒక తెల్లకాగితం మీద వరసగా అంకెలు వేసి రాసుకున్నాడు.

అతను వడోదర పక్కన ఒక రసాయనాల కర్మాగారంలో భద్రతాధికారి. ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో అతని విభాగంలో ఒక్కరి చిటికెనవేలు కూడా తెగలేదు. ఏ పని మొదలుపెట్టినా ముందు ఎడమవైపు ప్రమాదాలు రాసి, కుడివైపు వాటికి విరుగుడు రాసి, అప్పుడు సంతకం పెట్టడం అతని అలవాటు. కూతురి విషయంలో ఎడమవైపంతా నిండింది. కుడివైపు ఏమీ రాయలేకపోయాడు.

కూతురు హైమావతికి ఇరవై రెండేళ్ళు. ఇంజనీరింగు అయింది. కచ్ వైపు ఉప్పునేల మీద కట్టిన ఒక సౌరవిద్యుత్ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఇంటికి నాలుగు వందల కిలోమీటర్లు. ఉండడానికి గది ఇస్తారు. కాని రోజూ ఒక సబ్‌స్టేషన్ నుంచి ఇంకో సబ్‌స్టేషన్‌కి జీపు తనే నడుపుకుంటూ వెళ్ళాలి. నలభై కిలోమీటర్లు. దారిలో ఊరు లేదు. వస్తుందో రాదో ఆదివారం సాయంత్రం ఆరులోగా చెప్పమన్నారు.

నాన్న సరేనంటేనే వెళ్తానంది హైమ. అతనికి కష్టమైంది అదే. పోట్లాడితే తనూ పోట్లాడేవాడు. ఆమె చెప్పాల్సిందేదో ఒకసారి చెప్పి ఊరుకుంది. తొమ్మిది రోజుల నుంచి అతని ముఖం చూస్తూ తిరుగుతోంది.

సొంత ఊళ్ళో ఉండి ఉంటే ఇంత ఆలోచించేవాడు కాదేమో. అక్కడ పిల్ల పడితే లేవదీయడానికి పది చేతులుంటాయి. మేనమామ వస్తాడు, పెదనాన్న వస్తాడు, ఎవరూ లేకపోతే ఎదురింటి కిరాణా కొట్టాయన వస్తాడు. విజయనగరానికి పదహారు వందల కిలోమీటర్ల దూరంలో హైమకీ, తమ్ముడికీ ఉన్నవి తన రెండు చేతులూ, భార్య అరుంధతి రెండు చేతులూ. పిల్లలకి జ్వరం వచ్చిన తేదీలన్నీ అతని దగ్గర ఒక పుస్తకంలో ఉన్నాయి. ఇప్పుడు పిల్ల ఆ నాలుగు చేతులూ అందనంత దూరం వెళ్తానంటోంది.

సరిగ్గా ఆ వారమే బండి స్వామి వచ్చాడు.

స్వామికి దీక్షలో ఇచ్చిన పేరు వేరే ఉంది. ఆశ్రమం బోర్డు మీద అది రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఆశ్రమం అంటే శృంగవరపుకోట దాటాక రెండు గదుల పెంకుటిల్లు. కాషాయం కట్టక ముందు ఇరవై రెండేళ్ళు విజయనగరం నుంచి రాయపూర్‌కి లారీ తోలాడు. ఒకరోజు బండి షెడ్డులో పెట్టి, తాళం ఓనరు చేతిలో పెట్టి నడిచి వెళ్ళిపోయాడని చెబుతారు. ఎందుకని అడిగితే, బండి అప్పటికే చేరాల్సిన చోటికి చేరిపోయింది కదా అంటాడు. ఏటా చలికాలంలో వచ్చి లోకనాథం ఇంట్లో నాలుగు రోజులు ఉంటాడు. నాలుగు మాటలు చెప్పండి స్వామీ అని ఎవరైనా కూర్చుంటే, ముందు టీ పెట్టమంటాడు. టీ అయ్యాక ఆ మాటే మరిచిపోతాడు.

ఆదివారం పొద్దున్న లోకనాథం ఆ కాగితం స్వామి చేతిలో పెట్టాడు. తను చెబితే పిల్ల మనసు కష్టపెట్టుకుంటుందనీ, స్వామి ఒక్క మాట అంటే సంతోషంగా ఆగిపోతుందనీ చెప్పాడు. వద్దనమని కూడా కాదు, ఒక ఏడాది ఆగమంటే చాలన్నాడు.

స్వామి కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని, పదకొండూ చదివాడు. ఏడోది రెండుసార్లు చదివాడు. అది జీపు చెడిపోయి ఎండలో ఆగిపోవడం గురించి.

"బాగా రాశావు. ఒక్కటీ అబద్ధం కాదు," అన్నాడు.

కాగితం మడిచి తన సంచిలో పెట్టుకున్నాడు. ఊరి బయట ఎవరో షావుకారు పాత కార్లన్నీ పోగుచేసి మ్యూజియం పెట్టాడట కదా, చూపిస్తావా అని అడిగాడు.

లోకనాథం గడియారం చూసుకున్నాడు. పదవుతోంది. వెళ్ళి వచ్చినా నాలుగు దాటదు, స్వామి దారిలో పిల్లకి ఆ మాటేదో చెబుతాడు కాబోలు అనుకున్నాడు. కారు తాళాలు తీసుకున్నాడు.

"పాప తోల్తుంది," అన్నాడు స్వామి.

హైమకి లైసెన్సు వచ్చి పది నెలలైంది. ఈ పది నెలల్లో ఆమె ఎప్పుడు కారు నడిపినా ఎడమవైపు సీట్లో లోకనాథం ఉన్నాడు. పాలకి వెళ్ళినా ఉన్నాడు. కాని ఒక్క మాట అనేవాడు కాదు. నేర్చుకునేవాళ్ళని పక్కనుంచి అరవకూడదని అతనికి తెలుసు. తోటి ఉద్యోగులు కొందరు పిల్లలకి కారు నేర్పుతూ రోడ్డు మీదే కేకలు వేస్తారు. తను అలా కాదు. ఆ విషయంలో అతనికి కొంచెం గర్వం కూడా ఉంది.

స్వామి వెనక సీట్లో కూర్చున్నాడు. వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలని లోకనాథం చెప్పి, తనే పెట్టాడు. లారీలో ఇరవై రెండేళ్ళు తాడు సరుక్కి కట్టాను గాని నాకెవరూ కట్టలేదు నాయనా అని స్వామి నవ్వాడు.

హైవే ఎక్కారు. ఆదివారమైనా లారీలు ఎక్కువగానే ఉన్నాయి. స్వామి రెండు సీట్ల మధ్యకి వంగి చూస్తూ కూర్చున్నాడు. రోడ్డు చూస్తున్నాడనుకున్నాడు లోకనాథం. టోల్ దగ్గర కారు ఆగినప్పుడు స్వామి హైమని అడిగాడు.

"అమ్మా, మీ నాన్న కుడికాలికి ఏటైంది?"

హైమ నవ్వు ఆపుకుంది. "నాన్నవైపు ఇంకో బ్రేకుంది స్వామీ. మనకి కనిపించదు."

లోకనాథం కూడా నవ్వాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. అలవాటైపోయిందని చెప్పాడు. టోల్ దాటాక ముందు ఒక ట్యాంకరు ఎర్రదీపం వెలిగింది. హైమ కాలు పడేలోపే అతని మడమ నేలకి తన్నుకుంది.

మ్యూజియం అంటే తోటలో నాలుగు పొడవాటి షెడ్లు. కార్లన్నీ తాడు వెనక నిలబెట్టారు. ఒక్కోదాని ముందు ఒక బోర్డు. ఏదో సంస్థానం రాజు వేటకి వెళ్ళిన కారుకి ఇత్తడి దీపాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. రాణీగారి కారుకి ఊదారంగు తెరలున్నాయి, లోపల ఎవరున్నారో ఇప్పటికీ కనపడదు. ఒక కారు ముందుభాగం పడవంత పొడుగు. ఇదెక్కడ మలుపు తిరుగుతుంది తల్లీ అని స్వామి జాలిపడ్డాడు.

వీళ్ళ వెంట వచ్చి చూపించినాయన పేరు ధనసుఖ్‌భాయి. అరవై ఏళ్ళుంటాయి. కార్లు తుడవడం, చూపించడం, మరమ్మతు అంతా ఆయనే. ఆయన గుజరాతీలో చెబితే హైమ తెలుగులో చెప్పింది. ఆమె ఆ భాషలోనే పెరిగింది. మధ్యలో ఆయన ఏదో అంటే ఇద్దరూ నవ్వుకున్నారు, దాన్ని మాత్రం తెలుగు చెయ్యలేదు. లోకనాథం ప్రతి బోర్డూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. రెండో షెడ్డులో మంటలార్పే సిలిండరు గడువు కిందటి నెలలోనే అయిపోయిందని చూసి, ధనసుఖ్‌భాయిని పక్కకి పిలిచి చెప్పాడు. ఆయన చెయ్యి మీద రాసుకున్నాడు.

మూడో షెడ్డు చివర ఒక పాత లారీ ఉంది. ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన పాతకాలపు బండి. చెక్క తొట్టె, తలుపుల మీద మల్లెతీగ బొమ్మలు. స్వామి దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ముట్టుకోలేదు.

ఎప్పుడైనా యాక్సిడెంటు చేశారా స్వామీ అని హైమ అడిగింది. లోకనాథానికి ఆ ప్రశ్న నచ్చలేదు. స్వామి మాత్రం, ఒక్కటి చేశాను, అది కూడా భయస్తుణ్ణి కాబట్టి చేశాను అన్నాడు.

లారీ ఎక్కిన మొదటి ఏడాది. రాయపూర్ నుంచి బియ్యం లోడుతో వస్తూ సాలూరు ఘాట్ దిగుతున్నాడు. పక్కన లోయ. మొదటి మలుపు దగ్గర బ్రేకు మీద పెట్టిన కాలు ఇంక తియ్యలేదు. ఎంత నెమ్మదిగా దిగితే అంత మంచిదనుకున్నాడు. సగం దిగేసరికి ఏదో కాలిన వాసన వచ్చింది, ముందు పోయేవాడి బండిది కాబోలు అనుకున్నాడు. కింద ఆఖరి మలుపులో ఎద్దులబండి అడ్డం వచ్చింది. కాలు అదిమితే పెడల్ నేలకంటా పోయింది. దారంతా తొక్కిపట్టిన బ్రేకు కాలిపోయి, కింద ఏమీ మిగల్లేదు. లారీని రాగి చేలోకి తిప్పాడు. ఎద్దులకేమీ కాలేదు, బియ్యం పోయాయి. చేను గలాయన వచ్చి ముందు మంచినీళ్ళిచ్చి, తరవాత తిట్టాడు.

"ఏం తిట్టాడు?" అంది హైమ.

"అది కాషాయం కట్టుకుని చెప్పకూడదమ్మా," అన్నాడు స్వామి.

నాలుగో షెడ్డులో చిన్న కార్లున్నాయి. అక్కడికి వచ్చేసరికి చూసేవాళ్ళు అలిసిపోయి క్యాంటీను ఎక్కడని అడుగుతారట. మూలగా ఒక బూడిదరంగు ఫియట్ ఉంది. దానికి మాత్రం తాడు కట్టలేదు. బోర్డు కూడా చేత్తో రాసిందే. నవసారిలో రుస్తుంజీ అనే పార్శీ మాస్టారు ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రైవింగు నేర్పిన కారు అని అందులో ఉంది. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు ఒక షరతు మీద ఇచ్చారట. ఎవరు ఎక్కి కూర్చుంటానన్నా కూర్చోనివ్వాలి.

స్వామి తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. లోకనాథం, ముట్టుకోవడం సబబేనా అని ధనసుఖ్‌భాయిని ఇంకోసారి అడిగి, అవునన్నాక అప్పుడు ఒప్పుకున్నాడు.

"నువ్వు అటు కూర్చో," అన్నాడు స్వామి.

లోకనాథం ఎడమవైపు కూర్చున్నాడు. కాలు చాపగానే దేనికో తగిలింది. వంగి చూశాడు. కింద రెండు పెడళ్ళున్నాయి. క్లచ్ ఒకటి, బ్రేకు ఒకటి. డ్రైవింగు స్కూలు కారు కదా, మాస్టారివైపు కూడా ఉంటాయి.

"తొక్కు," అన్నాడు స్వామి.

తొక్కాడు. బ్రేకు గట్టిగా, చక్కగా దిగింది. స్వామి కాళ్ళ దగ్గర ఉన్న బ్రేకు కూడా దానితో పాటే కిందికి వెళ్ళింది. లోకనాథానికి ఆ ఏర్పాటు బాగా నచ్చింది. ప్రతి కారుకీ ఇలాంటిది ఉండాలన్నాడు. చట్టం చెయ్యాలన్నాడు.

"రెండిటినీ సరిగ్గా చూడు," అన్నాడు స్వామి.

లోకనాథం కిందికి దిగి, తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. అటువైపుకి వెళ్ళి మళ్ళీ చూశాడు. చూడడం అతని వృత్తి. నేర్చుకునేవాళ్ళ బ్రేకు పెడల్ మీద రబ్బరు అరిగి, నున్నగా అయిపోయి, ఒక అంచున ఇనుము బయటపడింది. మాస్టారివైపు బ్రేకు రబ్బరు మీద చారలు చారలుగానే ఉన్నాయి. గోరు పెడితే పట్టింది.

మాస్టారివైపు రబ్బరు ఈమధ్య మార్చారా అని అతను అడిగాడు. హైమ అడిగి చెప్పింది. నేర్చుకునేవాళ్ళవైపుది ఏడుసార్లు మార్చారు, ఇప్పుడున్నది ఆ చివరిది. మాస్టారివైపుది కారు కొన్న ఏడాది వేసిందే.

లోకనాథం నమ్మలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎంతమంది నేర్చుకుని ఉంటారని అడిగించాడు. లెక్క తెలియదు గాని నవసారిలో స్టీరింగు పట్టుకున్న ప్రతివాడూ ఇందులోనే పట్టుకున్నాడని ధనసుఖ్‌భాయి చెప్పాడు. తను కూడా ఇందులోనే నేర్చుకున్నాడు. మాస్టారి సీటు చూడమన్నాడు. సీటు ముందు అంచు మధ్యలో బాగానే ఉంది, రెండు చివర్లా చిరిగి దూది కనిపిస్తోంది. మాస్టారు కారు ఎక్కగానే బూట్లు విప్పేసి, రెండు కాళ్ళూ సీటు మీదకి మడుచుకుని బాసింపట్టు వేసుకు కూర్చునేవారట. ఒళ్ళో వేరుశనక్కాయల పొట్లం. మొదటిరోజు అది చూసి తనకి పై ప్రాణాలు పైనే పోయాయని ధనసుఖ్‌భాయి నవ్వాడు.

"అది నిబంధనలకి విరుద్ధం," అన్నాడు లోకనాథం.

హైమ ఆ మాట ఆయనకి చెప్పింది. నిజమే అన్నాడాయన. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు కాళ్ళు దించేవారట.

ఒక్కసారైనా ఆ బ్రేకు తొక్కారా అని స్వామి తనకొచ్చిన లారీ హిందీలో నేరుగా అడిగాడు. ధనసుఖ్‌భాయి ఒక వేలు చూపించాడు.

"నా దగ్గర ఒకసారి తొక్కారు మహారాజ్. మేక. కాళ్ళు ఎప్పుడు దించారో నేను చూడలేదు. మేక బతికింది, ఆయన మళ్ళీ శనక్కాయలు ఒలుచుకున్నారు."

స్వామి తల ఊపాడు. కారు దిగి తలుపు నెమ్మదిగా వేశాడు. ఇంక భోజనం చేద్దామన్నాడు.

భోజనాలప్పుడు హైమ ఫోను రెండుసార్లు చూసుకుని, తండ్రి చూస్తున్నాడని సంచిలో వేసుకుంది. స్వామి ఆమెకి ఏమీ చెప్పలేదు. ఉద్యోగం మాటే ఎత్తలేదు. మజ్జిగ బాగుందన్నాడు.

తిరుగు ప్రయాణంలో స్వామి ఈసారి తను ముందు కూర్చుంటానన్నాడు. చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ పైకి తీసి బాసింపట్టు వేసుకున్నాడు. నడిచే బండిలో అలా కూర్చోకూడదనీ, కారు గట్టిగా ఆగితే నడుముకి దెబ్బ తగులుతుందనీ లోకనాథం వెనకనుంచి వివరంగా చెప్పాడు.

"పన్నెండోది. ఇంటికెళ్ళాక రాసుకో," అని స్వామి కళ్ళు మూసుకున్నాడు. టోల్ రాకముందే నిద్రపోయాడు.

వెనక సీట్లో లోకనాథానికి కాళ్ళు చాపుకునే చోటు లేదు. ముందు రోడ్డు కూడా సరిగ్గా కనిపించలేదు, స్వామి తల అడ్డం. కనిపించింది అద్దంలో హైమ ముఖం. పది నెలల్లో ఆమె నడుపుతుంటే ఆమె ముఖం అతనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ రోడ్డే చూశాడు.

ఆమె కళ్ళు ఒక్కచోట ఆగడం లేదు. ముందుకి చూస్తాయి, అద్దంలోకి వస్తాయి, ఎడమకి పోతాయి, మళ్ళీ ముందుకి. ఒకచోట ఆమె కనుబొమ్మలు కొంచెం దగ్గరయ్యాయి. కారు వేగం తగ్గింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు. స్వామి భుజం పక్కనుంచి తొంగిచూస్తే, చాలా ముందు, పత్తి బస్తాలు ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు ఒకటి పక్కదారిలోంచి హైవే మీదకి వస్తోంది. అది చూడగానే అతని కాలు లేచి ముందు సీటు కిందిభాగాన్ని తన్నింది.

స్వామి కళ్ళు తెరవలేదు.

"బ్రేకు వెనక్కి కూడా వచ్చిందా నాయనా?"

హైమ ట్రాక్టరు పూర్తిగా రోడ్డెక్కేదాకా ఆగి, దారిచ్చి, దాటింది. ఆమె కనుబొమ్మలు మళ్ళీ మామూలయ్యాయి. ముందు సీటు ఎందుకు కదిలిందో ఆమె అడగలేదు.

సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆగారు. స్వామి తన టీ తాగి, హైమ వదిలేసిన సగం టీ కూడా తాగాడు. సంచిలోంచి కాగితం తీసి లోకనాథానికి ఇచ్చాడు. ఇది నీది అన్నాడు. ఇప్పుడు తను వెనక పడుకుంటాననీ, ముందు సీటు అతన్ని తీసుకోమనీ అన్నాడు.

లోకనాథం ముందు తలుపు తీశాడు. కూర్చోబోతూ కింద వేసిన రబ్బరు పట్టా చూశాడు. కిందటి దీపావళికి కొన్నది. కుడికాలి మడమ ఆనేచోట రూపాయి బిళ్ళంత చిల్లు పడి ఉంది. చిల్లులోంచి కారు అడుగు రేకు కనిపిస్తోంది.

అటువైపు తిరిగి వెళ్ళి, డ్రైవరు వైపు తలుపు తీసి, హైమ కాళ్ళ దగ్గరి పట్టా చూశాడు. దాని మీద మట్టి ఉంది. అంతే.

ఏమిటి నాన్నా అని హైమ అడిగింది. ఏమీ లేదన్నాడు.

వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి స్వామి బెల్టు కూడా చూశాడు. తరవాత చెప్పులు విప్పి, ఒక కాలు పైకి తీసుకున్నాడు. రెండోదానికి కొంచెం సమయం పట్టింది. అలా కూర్చుని చాలా ఏళ్ళయింది. చివరికి అది కూడా సీటు మీదకి వచ్చింది.

హైమ ఆ కాళ్ళకేసి ఒకసారి చూసింది. ముఖంకేసి చూడలేదు. గేరు వేసింది.

రెండు కిలోమీటర్లు దాటారు.

"ఆరులోగా కదా చెప్పమన్నారు?" అన్నాడు లోకనాథం.

"అవును నాన్నా."

"వస్తానని చెప్పు. ఇంటికెళ్ళాకే. నడుపుతూ ఫోన్ ముట్టుకోకు."

హైమ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, రెండు మూడుసార్లు కళ్ళు గట్టిగా ఆర్పి, రోడ్డు చూసింది.

"పదమూడు," అన్నాడు స్వామి వెనకనుంచి.

ముందు ఒక లారీ ఎర్రదీపం వెలిగింది. కారు నెమ్మదించింది, లారీ వెనక చోటు చూసుకుని ఆగింది, మళ్ళీ కదిలింది. లోకనాథం మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి. ఇల్లు ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లుంది. అతను కాళ్ళు దించలేదు.